ఏ దెబ్బ కోసం దాస్తున్నామో తెలిస్తేనే కార్డు దాచుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో డెక్ బిల్డింగ్ గేముల (ఆడుతూ ఒక్కో కార్డే చేర్చుకుని సొంత కట్ట కట్టుకునే ఆటల) మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఈ ఆటల ఊసు రావడమే సంతోషం. వ్యాసకర్త ఉదాహరణగా తీసుకున్న, కార్డులతో శత్రువులను ఎదుర్కొనే వీడియో గేమ్ ‘స్లే ది స్పైర్’ కూడా మంచి ఎంపిక. 2019లో పూర్తి రూపంలో వచ్చి, 2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దొరుకుతోంది కాబట్టి మన పిల్లలు చాలామంది ఆడుతున్నారు. ఇది ఒంటరిగా ఆడే ఆట, పందెం ఉండదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆపిన డబ్బు రమ్మీతో దీన్ని కలపకూడదని తల్లిదండ్రులకు చెప్పడం కూడా అవసరమే.

అయితే ఆ వ్యాసంలోని ఒక సలహా కొత్తవాళ్లను ముంచుతుంది. టర్న్ అయ్యాక కార్డును చేతిలో ఉంచుకునే అవకాశం ఎక్కడ కనిపించినా వదలొద్దని, చేతిలోని కార్డులన్నీ నిలిపే రూనిక్ పిరమిడ్ అనే వస్తువు దొరికితే ఆలోచించకుండా తీసుకోమని రాశారు. ఇది సగమే నిజం. కార్డు ఉంచుకోవడానికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు తెరమీద ఎక్కడా అంకెగా కనిపించదు కాబట్టే దాన్ని విడమరిచి చెప్పాలి.

ముందు ఆట మామూలు నడక. ప్రతి టర్నులో 5 కార్డులు తీస్తాం, వాటిని ఆడటానికి ఖర్చుపెట్టే 3 ఎనర్జీ వస్తుంది. టర్న్ ముగియగానే వాడని కార్డులన్నీ పడేసిన కట్టలోకి పోతాయి. తీసే కట్ట ఖాళీ అయితే పడేసిన కట్టే కలిపి మళ్లీ వస్తుంది. చేతిలో 10కి మించి కార్డులు ఉండవు. ఏదైనా కార్డును నిలుపుకున్నా తర్వాతి టర్నులో మళ్లీ 5 పూర్తిగా తీస్తాం, అంటే 6 కార్డులతో మొదలవుతాం. ఇక్కడే అందరూ ఒక కార్డు ఊరికే వచ్చిందనుకుంటారు. కానీ ఎనర్జీ మాత్రం ఆ 3 దగ్గరే ఉంటుంది. ఒక్కో ఎనర్జీ ఖరీదున్న కార్డులు 5 ఉంటేనే రెండు మిగిలిపోతున్నాయి, ఆరోది వస్తే మూడు మిగులుతాయి. కాబట్టి నిలుపుకున్న కార్డు లాభం ఇవ్వాలంటే, తర్వాతి టర్నులో కొత్తగా వచ్చే అయిదింటిలో కనీసం ఒకదానికంటే అది ఎక్కువ పని చేయాలి. లేకపోతే చేతిలో కార్డు పెరిగిందే తప్ప ఆడే కార్డు పెరగలేదు.

పేకాట అలవాటున్న మనవాళ్లకు ఇది మింగుడు పడటం కష్టం. పదమూడు ముక్కల రమ్మీలో పనికొస్తుందేమోనని ముక్క పట్టుకుని కూర్చోవడం ఆటలో భాగం. ఏ ముక్క వస్తుందో తెలియదు, వస్తే సీక్వెన్స్ కడదాం అన్న ఆశతో ఆడతాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఈ ఆటలో కట్ట మనదే, అందులో ఏమున్నాయో మనకు తెలుసు, పెద్ద శత్రువుల దెబ్బల వరస కూడా తెలుసుకోవచ్చు. ‘పనికొస్తుందేమో’ అని దాచే కార్డు దాదాపు ఎప్పుడూ తప్పే. ‘ఫలానా టర్నులో ఫలానా దెబ్బకి’ అని చెప్పగలిగితేనే దాచాలి.

సైలెంట్ అనే పాత్రతో మొదలుపెడతాను, ఎందుకంటే దాపుడు విద్య నేర్చుకోవడానికి దానికంటే మంచి చోటు లేదు. వెల్ లెయిడ్ ప్లాన్స్ అనే పవర్ కార్డు (ఒకసారి ఆడితే పోరంతా పనిచేసేది) ఖరీదు 1 ఎనర్జీ. ఆడాక ప్రతి టర్న్ చివర మనం ఎంచుకున్న 1 కార్డు చేతిలో ఉండిపోతుంది, అప్‌గ్రేడ్ చేస్తే 2. ఆ 1 ఎనర్జీతో డిఫెండ్ అనే మామూలు కార్డు ఆడి 5 బ్లాక్ (అంటే అంత దెబ్బను ఆపే రక్షణ) తెచ్చుకోవచ్చని గుర్తుంచుకోండి. మూడు టర్నుల్లో ముగిసే చిన్న పోరులో ఈ పవర్ ఆడితే, దాచిన కార్డుతో ఆ 5 బ్లాక్ తిరిగి సంపాదించే లోపే పోరు అయిపోతుంది. అక్కడ ఆడకుండా వదిలేయడమే మంచిది. అంకం చివర వచ్చే పెద్ద శత్రువు, అంటే బాస్ ముందు మాత్రం మొదటి టర్నులోనే, వీలైతే శత్రువు కొట్టని టర్నులో, కిందికి దించాలి.

ఏం దాచాలి? మొదటి పేరు క్యాటలిస్ట్. శత్రువు మీదున్న విషాన్ని రెట్టింపు చేస్తుంది (అప్‌గ్రేడ్ అయితే మూడింతలు), ఒకసారి ఆడితే ఆ పోరులో మళ్లీ రాదు. విషం టర్నుకు ఒకటి చొప్పున తగ్గుతూ కొడుతుంది కాబట్టి 5 విషం చివరిదాకా కొడితే 15 డ్యామేజీ, 10 అయితే 55, 15 అయితే 120, 30 అయితే 465. అంటే 5 మీద క్యాటలిస్ట్ వేస్తే కలిసొచ్చేది 40, 15 మీద వేస్తే 345. ఒకే కార్డు, అదే 1 ఎనర్జీ. తేడా అంతా ఆగడంలో ఉంది. కానీ ఆగడానికీ హద్దుంది. ఆ 465 పూర్తిగా రావడానికి 30 టర్నులు పడుతుంది, అన్ని టర్నులు మనం బతకం. శత్రువుకు మిగిలిన ప్రాణం రాబోయే మూడు నాలుగు టర్నుల విషంతో పోయేలా ఉన్న క్షణమే క్యాటలిస్ట్‌కి సరైన సమయం. ఇంకో జాగ్రత్త: మూడో అంకంలో వచ్చే అవేకెన్డ్ వన్ మొదటి రూపం పడి లేచేటప్పుడు దాని మీదున్న విషమంతా తుడిచిపెట్టుకుపోతుంది. అక్కడ క్యాటలిస్ట్‌ను మొదటి రూపం మీద ఖర్చు పెట్టకుండా రెండో రూపం దాకా దాచడమే పద్ధతి.

గ్రాండ్ ఫినాలే కూడా ఇలాంటిదే, కాకపోతే దీని లెక్క ఇంకా కచ్చితం. ఎనర్జీ ఏమీ అడగకుండా శత్రువులందరికీ 50 డ్యామేజీ ఇస్తుంది, కానీ తీసే కట్ట పూర్తిగా ఖాళీగా ఉంటేనే ఆడనిస్తుంది. తెర ఎడమ అడుగున తీసే కట్టలో ఎన్ని మిగిలాయో అంకె కనబడుతుంది. టర్న్ చివర ఆ అంకె సరిగ్గా 5 ఉందా, గ్రాండ్ ఫినాలే చేతిలో ఉందా, అయితే దాన్ని నిలుపుకోండి. తర్వాతి టర్నులో ఆ 5 చేతిలోకి వచ్చేస్తాయి, కట్ట ఖాళీ. అంకె 7 ఉంటే ఈ టర్నులోనే ఇంకో రెండు కార్డులు తీసే కార్డేదైనా ఆడి 5కి దించాలి. 4 ఉంటే ఇబ్బంది: ఒక కార్డు తక్కువై పడేసిన కట్ట కలిసిపోతుంది, మళ్లీ ఒక చుట్టు ఆగాలి.

ఇక పియర్సింగ్ వెయిల్. 1 ఎనర్జీకి శత్రువులందరి బలం ఆ టర్నుకు 6 తగ్గిస్తుంది. బలం తగ్గింపు ప్రతి దెబ్బకూ విడిగా వర్తిస్తుంది కాబట్టి పెద్ద ఒంటి దెబ్బకి వాడితే 6 డ్యామేజీ మాత్రమే తప్పుతుంది, చిన్న దెబ్బలు పరంపరగా వచ్చినప్పుడు వాడితే మొత్తం తప్పుతుంది. నాలుగో అంకంలోని హార్ట్ దీనికి చక్కని ఉదాహరణ. మొదటి టర్నులో మన కట్టలో చెత్త కార్డులు వేస్తుంది. తర్వాతి రెండు టర్నుల్లో ఒకటి 40 డ్యామేజీ ఒంటి దెబ్బ, ఇంకొకటి 2 చొప్పున 12 దెబ్బలు. ఏది ముందో చెప్పలేం. నాలుగో టర్నులో తన బలం పెంచుకుంటుంది. ఆ తర్వాత ఈ మూడింటి వరసే తిరుగుతుంది. అందువల్ల రెండో టర్నులో 40 దెబ్బ కనిపించిందంటే మూడో టర్నులో పన్నెండు దెబ్బలు ఖాయం. వెయిల్ చేతిలో ఉంటే అప్పుడు ఆడకూడదు, దాచాలి. మొదటి చుట్టులో 24 డ్యామేజీ సున్నా అవుతుంది. హార్ట్ బలం 2 పెరిగిన రెండో చుట్టులో దెబ్బలు 4 చొప్పున 12, అంటే 48 డ్యామేజీ అవుతాయి గానీ, నాలుగో టర్నులో దానికి మనం వేసే బలహీనతలను మింగేసే 2 ఆర్టిఫాక్ట్ కూడా వస్తాయి, వాటిని ఖర్చు చేయించకపోతే వెయిల్ పనిచేయదు. వెయిల్ కూడా ఒకసారి ఆడితే అయిపోయే కార్డు కాబట్టి, రెండో చుట్టు దాకా ఆగకుండా మొదటి చుట్టులోని పన్నెండు దెబ్బలకే వాడేయడం మేలు. ఆ పోరులో నేను ఎక్కువ విలువ ఇచ్చే దాపుడు ఇదే.

వాచర్ అనే పాత్రకు నిలిచే గుణం కార్డుల మీదే రాసి ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు వేరు: దాచేకొద్దీ పెరిగే కార్డును అతిగా దాచడం. విండ్‌మిల్ స్ట్రైక్ ఖరీదు 2, డ్యామేజీ 7, నిలుపుకున్న ప్రతిసారీ 4 పెరుగుతుంది. రెండు ఎనర్జీలకు రెండు మామూలు స్ట్రైకులు ఆడితే 12 వస్తుంది. అంటే ఒకసారి నిలుపుకున్నప్పుడు 11తో ఇది ఇంకా వెనకే ఉంది, రెండోసారి 15తో ముందుకొస్తుంది. మూడు టర్నులు నడవని పోరులో దీన్ని దాచడం శుద్ధ దండగ. నాలుగుసార్లు నిలిపి 23కి తెచ్చి, డ్యామేజీ రెట్టింపయ్యే రాత్ స్థితిలోకి వెళ్లి కొడితే 46. అందుకని దీన్ని టర్నుల లెక్కతో దాచకూడదు, రాత్‌లోకి వెళ్లే కార్డు చేతికి వచ్చేదాకా దాచాలి. సాండ్స్ ఆఫ్ టైమ్ 4 ఎనర్జీకి 20 డ్యామేజీ, నిలుపుకున్నప్పుడల్లా ఖరీదు ఒకటి తగ్గుతుంది; రెండుసార్లు నిలిపితే 2కి 20, అక్కడే అది లాభంలోకి వచ్చేసింది. సున్నా అయ్యేదాకా కూర్చోనక్కర్లేదు.

తెలిసిన దెబ్బకు దాచడం అంటే ఏమిటో చూపడానికి రెండో అంకం బాస్ బ్రాంజ్ ఆటోమటాన్ సరిపోతుంది. దాని వరస ముందే ఖాయం: మొదటి టర్నులో రెండు గోళాలను పిలుస్తుంది, రెండులో కొడుతుంది, మూడులో బలం పెంచుకుంటుంది, నాలుగులో కొడుతుంది, అయిదులో మళ్లీ బలం, ఆరులో హైపర్ బీమ్. ఆ బీమ్ 45, రెండుసార్లు పెంచుకున్న బలం 3 చొప్పున కలిస్తే 51. ఇప్పుడు రెండో టర్నులో పర్సివరెన్స్ చేతికొచ్చిందనుకోండి. 1 ఎనర్జీకి 5 బ్లాక్, నిలుపుకున్నప్పుడల్లా 2 పెరుగుతుంది. రెండు, మూడు, నాలుగు, అయిదు టర్నుల చివర నిలిపితే ఆరో టర్నుకు 13. దాంతోపాటు 2 ఎనర్జీకి 12 బ్లాకిచ్చే ప్రొటెక్ట్ కూడా దాచి ఉంటే 25. వాచర్‌కు ప్రతి పోరు మొదట్లో వచ్చే మిరకిల్ కార్డును అప్పటిదాకా అట్టిపెట్టుకుంటే ఇంకో ఎనర్జీ, దాంతో ఒక డిఫెండ్, మొత్తం 30. తగిలేది 21. ఏమీ దాచకుండా 3 ఎనర్జీతో మూడు డిఫెండ్లు ఆడితే 15 బ్లాక్, తగిలేది 36. అయితే రాత్‌లో మనకు తగిలే దెబ్బ కూడా రెట్టింపే, ఆరో టర్నుకు అందులో ఉండిపోతే 51 కాస్తా 102 అవుతుంది. కాబట్టి ఆ స్థితి నుంచి బయటపడేసే ట్రాంక్విలిటీ చేతిలో ఉంటే దాన్ని దాచడం అన్నింటికంటే ముఖ్యం, మిరకిల్ ఎనర్జీ దానికే పోయినా సరే. ఈ బాస్‌కు మొదట 3 ఆర్టిఫాక్ట్ ఉంటాయి, మనం వేసే మొదటి మూడు బలహీనతలను అవి మింగేస్తాయి. సైలెంట్‌తో ఆడేవాళ్లు వాటిని ఖర్చు చేయించకుండా వెయిల్ దాచుకుని ప్రయోజనం లేదు.

డిఫెక్ట్ పాత్రకు ఈక్విలిబ్రియం ఒక్కటే చెప్పుకోదగ్గది: 2 ఎనర్జీకి 13 బ్లాక్, ఆ టర్నుకు చేయంతా, అంటే చేతిలోని కార్డులన్నీ నిలుస్తాయి. మంచి కార్డులు ఎక్కువై ఎనర్జీ చాలని టర్నులో ఆడాలి, చెత్త చేతితో ఆడితే చెత్తే నిలుస్తుంది.

ఇప్పుడు రూనిక్ పిరమిడ్. మొదటి, రెండో అంకాల బాస్‌ను గెలిచాక మూడు వస్తువుల్లో ఒకటి ఎంచుకోమంటారు, వాటిలో ఇదొకటి. ఇది తీసుకుంటే టర్న్ చివర చేయి పడిపోదు. కానీ పక్కనే టర్నుకు ఒక ఎనర్జీ పెంచే వస్తువులూ ఉంటాయి, పిరమిడ్ ఎనర్జీ ఇవ్వదు. 3 ఎనర్జీతో టర్నుకు మూడు కార్డులు ఆడతామనుకుందాం. మొదటి టర్న్ తర్వాత 2 మిగులుతాయి. రెండో టర్నులో 7తో మొదలై 4 మిగులుతాయి. మూడో టర్నులో 9తో మొదలై 6 మిగులుతాయి. నాలుగో టర్నులో 11 కావాలి, హద్దు 10 కాబట్టి నాలుగే వస్తాయి. ఆడాక 7 మిగులుతాయి. అయిదో టర్ను నుంచి టర్నుకు 3 కార్డులే చేతికొస్తాయి. అన్నీ ఉంచుకోగలిగే వస్తువు కాస్తా కొత్త కార్డులు రానివ్వని వస్తువైపోయింది.

వ్యాసంలోని ఇంకో పొరపాటు ఇక్కడే ఉంది. చేయి నిండాక రావాల్సిన కార్డులు పడేసిన కట్టలోకి పోతాయని రాశారు. పోవు. తీసే కట్టలోనే ఉండిపోతాయి. ఇది చిన్న తేడా కాదు: కట్ట కదలకపోతే లోపలున్న మంచి కార్డు కూడా కదలదు. ఈ సవరణ మీ తర్వాతి సంచికలో వేయవలసిందిగా మనవి.

పిరమిడ్ తీసుకోవాలంటే ముందు కట్టలో ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎనర్జీ అడగని కార్డులు, ఒకసారి ఆడితే కట్టలోంచి పోయేవి, పవర్ కార్డులు, ఇవన్నీ చేయి ఖాళీ చేస్తాయి. సైలెంట్‌కు సర్వైవర్, ఆక్రోబ్యాటిక్స్ లాంటివి కార్డు పారేయిస్తాయి కాబట్టి అక్కడ మామూలుగా నష్టమనిపించే ఆ పారేయడమే లాభం. అంగడిలో కట్టలోంచి ఒక కార్డును శాశ్వతంగా తొలగించుకోవడానికి మొదట 75 బంగారం, ప్రతిసారీ 25 పెరుగుతుంది. పిరమిడ్ ఉన్నవాళ్లు ఆ బంగారంతో కొత్త కార్డు కొనడం కంటే స్ట్రైకులు తొలగించుకోవడం మేలు, ఎందుకంటే చేతిలో ఇరుక్కునేవి అవే.

స్నెకో ఐ అనే వస్తువు ఉంటే పిరమిడ్ జోలికి పోవద్దు. అది టర్నుకు రెండు కార్డులు ఎక్కువ తీయిస్తూ, తీసినప్పుడు ఖరీదును 0 నుంచి 3 మధ్య ఇష్టమొచ్చినట్టు మారుస్తుంది. చవకవి ఆడేస్తాం, 3 ఖరీదువి చేతిలో పేరుకుపోతాయి, మళ్లీ తీస్తేనే గానీ వాటి ఖరీదు మారదు.

కట్టలో చేరి మనకే కీడు చేసే శాప కార్డుల సంగతి వ్యాసంలో అసలు లేదు, నిజానికి పిరమిడ్‌తో ఓడిపోయేది ఎక్కువగా వీటివల్లే. నార్మాలిటీ చేతిలో ఉన్నంతసేపు టర్నుకు మూడు కార్డులకు మించి ఆడలేం. మామూలుగా అది టర్న్ చివర పోతుంది. పిరమిడ్‌తో ఒకసారి వచ్చిందంటే, పారేసే కార్డు లేకపోతే, పోరంతా అక్కడే కూర్చుంటుంది. పెయిన్ చేతిలో ఉంటే ఆడే ప్రతి కార్డుకూ ఒక ప్రాణం పోతుంది, పిరమిడ్‌తో ఆ కార్డూ చేతిలోంచి కదలదు. రిగ్రెట్ టర్న్ చివర చేతిలో ఎన్ని కార్డులుంటే అంత ప్రాణం తీస్తుంది. తర్వాత పడిపోతుంది గానీ, ఎనిమిది కార్డులు దాచుకున్నవాడికి ఆ ఒక్కసారికే 8 పోతుంది. శత్రువులు వేసే వూండ్ ఆడటానికి వీల్లేని కార్డు, చేతిలో చోటు ఆక్రమించి ఉండిపోతుంది. డేజ్డ్ మాత్రం టర్న్ చివర దానంతటదే మాయమవుతుంది, దాని గురించి దిగులక్కర్లేదు.

వెల్ లెయిడ్ ప్లాన్స్ ఉన్నవాళ్లకు మాత్రం వూండ్ విషయం వేరు. దాచదగ్గ మంచి కార్డేదీ లేని టర్నులో వూండ్‌నే దాచండి. చేయి పదికి దూరంగా ఉంది కాబట్టి చోటుకు కరువు లేదు, వూండ్ కట్టలోకి తిరిగి వెళ్లదు కాబట్టి తర్వాత తీసే అయిదింటిలో అది ఉండదు. కట్ట చిన్నదైతే ఈ లాభం బాగా తెలుస్తుంది.

దీన్నుంచే కట్ట కలిసే సమయం గురించి ఒక మాట. 15 కార్డుల కట్ట సరిగ్గా మూడు టర్నుల్లో అయిపోతుంది, నాలుగో టర్ను మొదట్లో కలుస్తుంది. మూడో టర్ను చివర మంచి కార్డును దాచారంటే అది ఆ కలపడంలో లేదు. నాలుగులో ఆడితే, మిగతా 14 తిరిగేదాకా, అంటే ఆరో టర్నులో అదృష్టం బాగుంటే, లేదా ఏడులోనో ఆ తర్వాతో మళ్లీ కనబడుతుంది. మూడులోనే ఆడేసి ఉంటే నాలుగులోనే తిరిగి రావచ్చు. కాబట్టి తరచుగా కావాల్సిన కార్డును కట్ట కలవబోయే ముందు ఆడేయాలి; ఒక్కసారే, తెలిసిన టర్నుకు కావాల్సిన కార్డునే దాటించాలి.

ఐరన్‌క్లాడ్ పాత్రకు నిలుపుకునే కార్డులే లేవు. వార్‌క్రైతో చేతిలోని కార్డును తీసే కట్ట పైన పెట్టొచ్చు. అయితే అది తర్వాతి టర్నులో తీసే అయిదింటిలో ఒకటిగానే వస్తుంది, ఆరోదిగా కాదు. దాచడం అనుకుని ఆడితే చేతికి ఒక కార్డు తక్కువవుతుంది, తెలిసిన దెబ్బకి తెలిసిన జవాబు కావాలంటేనే ఆ పని చేయాలి.

బల్ల మీద ఆడే ‘డొమినియన్’కూ ఈ లెక్కలు చాలావరకు వర్తిస్తాయి. 2008లో వచ్చిన ఆ ఆటలోనూ టర్న్ చివర చేయంతా పడేసి 5 తీస్తాం. 2009 నాటి సీసైడ్ విస్తరణలోని హేవెన్ కార్డు ఒక కార్డు తీసుకోనిచ్చి, మరో యాక్షన్ ఇచ్చి, చేతిలోంచి ఒక కార్డును తర్వాతి టర్నుకు పక్కన పెట్టనిస్తుంది. గెలుపు పాయింట్లు ఇచ్చే ప్రావిన్స్ కార్డు ఖరీదు 8 నాణేలు. చేతిలో 10 ఉంటే ఒక సిల్వర్ పక్కన పెట్టినా ఈ టర్నులో ప్రావిన్స్ వస్తుంది, తర్వాతి టర్ను 2 నాణేల ముందంజతో మొదలవుతుంది. 8 సరిగ్గా ఉన్నప్పుడు, లేదా ఎంత ఉన్నా కొనడానికి చాలనప్పుడు ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్న. కట్ట కలవబోతోందంటే ఎస్టేట్‌ను పక్కన పెట్టండి. కొత్తగా కలిసిన కట్టలోకి ఆ పనికిరాని కార్డు వెళ్లదు, తర్వాతి టర్నులో చేతికొచ్చినా అది ఆరో కార్డే కాబట్టి మిగతా అయిదూ మామూలుగానే వస్తాయి. హేవెన్ కూడా ఆ టర్న్‌కి బల్ల మీదే ఉండి కలపడాన్ని తప్పిపోతుంది, ఆ నష్టం మాత్రం లెక్కలో వేసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ